చర్చిలు, బడులు గీసే మా ఆర్కిటెక్ట్ సార్ పనితనం

తాడిపత్రి దగ్గర మా ఊరి చర్చికీ, పక్కనున్న బడికీ ప్లాన్ గీసిన అనంతపురం ఆర్కిటెక్ట్ గురించి రాస్తున్నా. ముప్పై ఏళ్లుగా ఆయన చేసిన పనిలో ఎక్కువ భాగం చర్చిలు, బళ్లే. ఇళ్లు కట్టే ఇంజనీర్లు ఇక్కడే ఉండగా అంత ఫీజు ఎందుకని మా కమిటీలో గొడవ కూడా జరిగింది. పిలవడమే మంచిదైంది.

మా పాత హాలుకు ఎత్తైన స్లాబు, నున్నటి గోడలు. పాస్టరయ్యగారు ఒక మాట అంటే మూడుసార్లు వినిపించేది, వెనక కూర్చున్న ముసలోళ్లకు వాక్యం ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, మేమేమో ఇంకా పెద్ద స్పీకర్లు కొంటూ పోయాం. సార్ వచ్చి హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టారు. ఆ మోత ఆగేదాకా ఉండి, "లోపం స్పీకర్లది కాదయ్యా, గోడలది" అన్నారు. తర్వాత పోయి చాప మీద కూర్చున్నారు. మేమంతా కిందే కూర్చుంటాం కదా, కిటికీలేమో మూడున్నర అడుగుల పైన ఉండేవి, వచ్చే కాస్త గాలీ తలల మీదుగా పోయేది. కొత్త చర్చిలో కిటికీ అడుగున్నర నుంచే మొదలవుతుంది. యూరప్ చర్చిల్లో ఉండే సూది మొన లాంటి గోతిక్ శిఖరం కావాలని పట్టుబట్టిన వాళ్లకు డోర్నకల్ కెథడ్రల్ ఫొటోలు చూపించారు. 1939లో ప్రతిష్ఠించిన ఆ చర్చిలో గుడి తరహా స్తంభాలు, మసీదు తరహా గుమ్మటాలు కలిసే ఉన్నాయి. దాంతో శిఖరం మాట ఆగింది.

బడి ఇంకా బాగుంది. వెలుతురు పిల్లల ఎడమ వైపు నుంచి వస్తుంది, కుడిచేత్తో రాసేటప్పుడు నోట్‌బుక్ మీద నీడ పడదు. మన చవుడు మిద్దెల్లో (మట్టి కప్పు ఇళ్లలో) ఉండే గవాచినే, అంటే కప్పులో వదిలే కంతనే, ప్రతి గదికీ పైన పెట్టారు, వేడి గాలి అందులోంచి పోతుంది. గోడలు చవక ఇళ్ల ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కేరళలో బాగా వాడిన ర్యాట్ ట్రాప్ పద్ధతిలో, ఇటుకలను అంచు మీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలి కట్టించారు. ఇటుకలు దాదాపు నాలుగో వంతు తగ్గుతాయి, ఎండ వేడి తొందరగా లోపలికి రాదు. బోలు గోడ నిలబడదని మేస్త్రీలు మొండికేస్తే రెండు రోజులు దగ్గరుండి వరసలు పేర్పించారు.

డ్రాయింగులు మాత్రం రెండు నెలలు ఆలస్యం చేశారు, ఆ టెన్షన్ మామూలుగా లేదు. ఇంకొకటి, చర్చి ముందు నల్ల బండలు వద్దని ఆయన చెప్పినా చవకని మేమే వేయించాం, ఇప్పుడు చెప్పులు విప్పితే కాళ్లు కాలుతున్నాయి. అది మా తప్పే.

ఆయన్ని పిలిచేవాళ్లు ఎండాకాలంలో, మధ్యాహ్నం రెండు గంటలకు స్థలం చూపించండి. ఆయనా ఆ టైమే అడుగుతారు.