గన్ షాపుకి నాలుగు స్టార్లు, నా పాత అడ్రస్‌కి సున్నా

నాలుగు స్టార్లు ఇస్తున్నా, ఐదోది ఎందుకు కట్ చేశానో కింద చెప్తా. షాపు పేరు మాత్రం రాయను, రాస్తే శనివారం క్యూ ఇంకా పెరుగుద్ది. కాలిఫోర్నియాలో మౌంటెన్ హౌస్ అనే ఊరి నుంచి అరగంట డ్రైవ్, పక్కనే టైర్ల షాపు, ఆ చుట్టుపక్కల ఉండేవాళ్లకి ఈపాటికి అర్థమైపోయుంటుంది.

తుపాకీ ఎలా ఉంది ఏంటి అని అడక్కండి, రెండేళ్లలో నేను రేంజ్‌కి వెళ్లింది పదిసార్లు కూడా ఉండదు. నేను రాసేదంతా ఆ కౌంటర్ వెనక కూర్చునే పెద్దావిడ గురించి. కాలిఫోర్నియాలో గన్ కొనడం అంటే ముప్పావు వంతు పేపర్ వర్కే, ఆ పేపర్లు ఎటు పోతాయో ఎవరు చూస్తారో ఆవిడకి తెలిసినంతగా నేను తిరిగిన మిగతా రెండు షాపుల్లో ఎవరికీ తెలీదు.

కొనాల్సిన అవసరం ఏమొచ్చిందంటే, మా వీధిలో ఆరు నెలల్లో రెండిళ్లలో దొంగలు పడ్డారు, రెండూ మనవాళ్ల ఇళ్లే, బంగారం కోసమే. మా ఆవిడ మొదట ససేమిరా అంది, చివరికి ముందు సేఫ్ కొను తర్వాత గన్ సంగతి చూద్దాం అని ఒప్పుకుంది. ఇంకోటి, ఇదంతా నాకు గ్రీన్ కార్డ్ వచ్చాకే. హెచ్‌1బీ మీద ఉన్న తమ్ముళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి, వీసా మీద ఉన్నవాళ్లు గన్ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉంటే తప్ప. లాంగ్ వీకెండ్‌కి సరదాగా రేంజ్‌కి వెళ్లి ఫొటోలు పెట్టేవాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది.

ముందు ఎఫ్ఎస్‌సీ, అంటే గన్ సేఫ్టీ సర్టిఫికెట్ టెస్ట్ రాయాలి, ఆ షాపులోనే రాయొచ్చు. 25 డాలర్లు, 30 ప్రశ్నలు, 23 రైట్ అయితే పాస్, కార్డు అయిదేళ్లు పనికొస్తుంది. డ్రైవింగ్ టెస్ట్ రాసినవాళ్లకి ఇదో లెక్క కాదు. అసలు తిప్పలు అడ్రస్ ప్రూఫ్ దగ్గర మొదలయ్యాయి. అప్పుడు మేం అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం, పీజీ అండ్ ఈ వాళ్ల కరెంటు బిల్లు మా ఆవిడ పేరు మీద, నా పేరు మీదున్నది సెల్ ఫోన్ బిల్లు ఒక్కటే, అది చెల్లదు. ఈ మాట వినగానే అంతకుముందు వెళ్లిన షాపు కుర్రాడు నన్ను ఇంటికి పంపించేశాడు. ఈవిడ మాత్రం "కారులో వచ్చావా, కారు నీ పేరు మీదేనా" అని అడిగింది. గ్లవ్ బాక్స్‌లో రిజిస్ట్రేషన్ కాగితం ఉంది, పని అయిపోయింది. అంతే తేడా!

తర్వాత పేరు. మన పేర్ల సంగతి తెలిసిందేగా, ఇంటిపేరు ఒక గజం, అసలు పేరు రెండు ముక్కలు, ఒక కార్డులో కలిపి ఉంటుంది ఇంకో దాంట్లో విడివిడిగా ఉంటుంది. ఆవిడ ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ టైప్ చేసి, మానిటర్ నా వైపు తిప్పి, చూపుడు వేలు పెట్టి చదువుకో అంది. "ఇందులో ఒక్క లెటర్ తేడా వస్తే నాకేం కాదు, నువ్వే తిరగాలి" అని కూడా చెప్పింది. కుడి బొటనవేలి ముద్ర తీసుకుంది, రాష్ట్రం ఫీజు 37 డాలర్ల 19 సెంట్లు, దాని మీద డమ్మీ గుళ్లతో లోడింగ్ అన్‌లోడింగ్ చేసి చూపించమంది, నా చేతులు వణుకుతుంటే తొందరేం లేదు నాయనా అన్నట్టు కళ్లద్దాల పైనుంచి చూసింది.

పది రోజులు ఆగాలి. పది రోజులంటే మనం అనుకునే పది రోజులు కాదు, పది ఇరవైనాలుగ్గంటలు. శనివారం సాయంత్రం 4:10కి సబ్మిట్ అయింది, నేను తెలివిగా మంగళవారం లంచ్ బ్రేక్‌లో వెళ్లా, రసీదు మీద రాసిన టైం చూపించి వెనక్కి పంపింది. అలాగని మరీ నిదానంగా కూడా వెళ్లకూడదు, 30 రోజులు దాటితే మళ్లీ మొదటికొస్తుంది, ఫీజుతో సహా.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న, మన పేరు పోలీసుల దగ్గర ఉంటుందా అని. ఉంటుంది, డౌటే లేదు. నేను ఆవిడని ఇదే అడిగితే ఒక ఫారం ఎడమవైపు, ఒకటి కుడివైపు పెట్టి చెప్పింది. ఎడమది 4473, ఫెడరల్ ఫారం, అది షాపు ఫైల్లోనే ఉంటుంది, ఎందుకంటే దేశం మొత్తానికి ఒకే గన్ రిజిస్ట్రీ పెట్టకూడదని 1986 చట్టంలోనే ఉంది. ఎక్కడైనా నేరం జరిగి గన్ దొరికితే వెస్ట్ వర్జీనియాలో మార్టిన్స్‌బర్గ్ అనే ఊళ్లో ఉన్న ట్రేసింగ్ సెంటర్ వాళ్లు సీరియల్ నంబర్ పట్టుకుని కంపెనీకి, అక్కడి నుంచి హోల్‌సేలర్‌కి, అక్కడి నుంచి షాపుకి ఒక్కోళ్లనీ అడుక్కుంటూ రావాలి. కుడిది డ్రాస్, షాపు వాళ్లు అమ్మకం వివరాలు నింపి పంపే రికార్డు, రాష్ట్రానిది. అది నేరుగా రాష్ట్ర రాజధాని శాక్రమెంటోకి పోయి ఏఎఫ్ఎస్ అనే డేటాబేస్‌లో నా పేరు, అడ్రస్, గన్ సీరియల్ నంబర్‌తో కూర్చుంటుంది. రైఫిళ్లు షాట్‌గన్‌లకి 2014 జనవరి నుంచే ఇలా దాచడం మొదలైంది, హ్యాండ్‌గన్‌లవి ఎప్పట్నుంచో ఉన్నాయి. రాష్ట్రంలో ఏ ఊరి పోలీసైనా తన టెర్మినల్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు.

దాని మీద ఇంకో లిస్టు కూడా ఉంది, పేరు ఏపీపీఎస్, అందరూ యాప్స్ అంటారు, నేను మొదట ఫోన్ యాప్ అనుకున్నా. 2006 నుంచి నడుస్తోంది. గన్ కొన్నాక ఎవరికైనా శిక్ష పడినా, కోర్టు రిస్ట్రైనింగ్ ఆర్డర్ వచ్చినా, ఆ పేరు ఈ లిస్టులో పడుతుంది, గన్ ఇంకా ఇంట్లోనే ఉంటే ఏజెంట్లు తలుపు కొడతారు. భార్యని కొట్టిన కేసులో ఆర్డర్ వస్తే 24 గంటల్లో గన్ అప్పజెప్పాల్సిందే. ఈ పని కోసమైతే నా పేరు వాళ్ల దగ్గర ఉండటం నాకు ఇష్టమే.

మా తాతకి చిత్తూరు వైపు వేరుశెనగ చేలో పందుల కోసం లైసెన్సు తుపాకీ ఉండేది. ఎలక్షన్ వస్తే చాలు స్టేషన్ నుంచి కబురు, తుపాకీని పాత పంచెలో చుట్టి టీవీఎస్ మీద అడ్డంగా పెట్టుకుని తీసుకెళ్లి డిపాజిట్ చేసేవాడు, ఆ రసీదు వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ వెనక దోపేవాడు. అక్కడ ముందు స్టేషన్ వాళ్లు మనల్ని ఎంక్వైరీ చేశాకే లైసెన్సు, లైసెన్సు వచ్చాకే తుపాకీ. కాబట్టి పోలీసులకి తెలిసిపోతుందనే భయం మా ఇంట్లో ఎవరికీ లేదు, నాది వేరే భయం. 2022 జూన్‌లో కాలిఫోర్నియా జస్టిస్ డిపార్ట్‌మెంట్ ఒక డ్యాష్‌బోర్డ్ పెట్టి, క్యారీ పర్మిట్‌కి (గన్ వెంట పెట్టుకుని బయట తిరగడానికి ఇచ్చే పర్మిట్) అప్లై చేసిన దాదాపు 1,92,000 మంది పేర్లు, ఇంటి అడ్రస్‌లు బయటికి వదిలేసింది, మర్నాడు మూసేశారు కానీ అప్పటికే డౌన్‌లోడ్‌లు అయిపోయాయి. దొంగల భయంతో గన్ కొంటే ఎవరింట్లో గన్ ఉందో దొంగలకే లిస్టు ఇచ్చినట్టు! పోలీసు చూడటం ఓకే, ఊరంతా చూడటం ఏంటి.

సరే షాపు సంగతికొద్దాం. నాలుగో స్టార్ వచ్చింది ఈ గొడవలోనే. మేం ఇల్లు కొనుక్కుని మారాం, డ్రైవింగ్ లైసెన్స్ కార్డు కొత్త అడ్రస్‌తో తీసుకున్నా. ఇక్కడ 2019 జూలై నుంచి బుల్లెట్లు కొనాలన్నా మన రికార్డు చెక్ చేస్తారు (దీని మీద కోర్టులో కేసుంది, ఒలింపిక్ మెడల్స్ కొట్టిన షూటర్ కిమ్ రోడ్ పేరు మీదే). కొత్త ఇంటి దగ్గర వేరే షాపుకి వెళ్తే ఆ కౌంటర్ అతను స్క్రీన్ చూసి కార్డు నా వైపు తోసి అవ్వదు అన్నాడు, ఎందుకు అంటే భుజాలెగరేశాడు. వెనక లైన్లో అయిదుగురు, అందరూ నన్నే చూస్తున్నారు, నా మీద ఏదో కేసుందని ఫిక్సైపోయినట్టే. చెమటలు పట్టేశాయి నాకు.

మర్నాడు ఈవిడ దగ్గరికి పరిగెత్తా. కాగితం చూసి మొదటి మాట, "డినైడ్ కాదు, రిజెక్టెడ్." డినైడ్ అంటే నువ్వు కొనకూడని మనిషివి అని, రిజెక్టెడ్ అంటే నీ కార్డుకీ వాళ్ల రికార్డుకీ మ్యాచ్ అవ్వలేదు అని. రెండో మాట, "ఇల్లు మారావా?" ఏఎఫ్ఎస్‌లో నేనింకా పాత అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నా, డ్రైవింగ్ లైసెన్సులిచ్చే డీఎంవీలో మారిస్తే ఇక్కడ దానంతట అది మారదు. సీఫార్స్ అనే రాష్ట్రం వాళ్ల గన్ రికార్డుల వెబ్‌సైట్‌లో అప్‌డేట్ పెట్టమని చిన్న చీటీ రాసిచ్చింది, అది అప్‌డేట్ అయ్యాక వెళ్తే ఒక్క డాలర్ ఫీజుతో రికార్డు చెక్ చేసి పని కానిచ్చేశారు, అప్పటికి ఒక డాలరే. ఆ చీటీ ఇంకా నా సేఫ్ తలుపుకి అంటించే ఉంది. టెక్సాస్ నుంచి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిన మా కొలీగ్‌ని కూడా అక్కడికే పంపించా, టెక్సాస్‌లో గన్ రిజిస్ట్రేషన్ అనే గోలే లేదు కాబట్టి ఇక్కడికొచ్చిన 60 రోజుల్లో తన గన్‌లు రిపోర్ట్ చేయాలని అతనికి తెలీనే తెలీదు.

ఐదో స్టార్ ఎందుకు కట్ అంటే, ఫోన్ ఎత్తరు, ఎంత మోగినా ఎత్తరు. పార్కింగ్ అంతా టైర్ల షాపు బళ్లే. బుల్లెట్లు కూడా బయటికన్నా రేటెక్కువ, 2024 జూలై నుంచి రాష్ట్రం వేసిన 11 శాతం ట్యాక్స్ ఎలాగూ ఉంది, దాని మీద సేల్స్ ట్యాక్స్, బిల్లు చూస్తే ఏడుపొస్తుంది, అది వీళ్ల తప్పు కాదనుకోండి.

ఆది, సోమ సెలవు. గురువారం ఆవిడ ఉండదు, మేనల్లుడు కూర్చుంటాడు, మంచోడే గానీ పేరు చూసుకోమని మానిటర్ తిప్పడు, కాబట్టి గురువారం వెళ్లకండి. కారు రిజిస్ట్రేషన్ పట్టుకెళ్లండి.