జపాను 21 పిన్నుల కేబుల్‌ను స్కార్ట్ టీవీకి తగిలించకండి: కొనేవారికి ఒక హెచ్చరిక

పాత గేమ్ కన్సోళ్లను పాత టీవీలకు కలిపి ఆడుకునే తెలుగువారు, ముఖ్యంగా యూరప్‌లో ఉంటున్నవారు, 21 పిన్నుల ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం సిగ్నళ్లను విడివిడిగా పంపే) కేబుల్ కొనేముందు ఇది చదవాలని కోరుతున్నాను. ప్లగ్గు సాకెట్‌లో చక్కగా కూర్చుంది కాబట్టి కేబుల్ సరైనదేనని నమ్మి నేను నష్టపోయాను.

నేను జర్మనీలో ఉంటున్నాను. జపాన్‌లో 1990లో విడుదలైన నింటెండో గేమ్ కన్సోల్ సూపర్ ఫామికామ్ ఒకటి నా దగ్గర ఉంది. ఇక్కడి పాత సామాన్ల సంతలో, వెనకవైపు స్కార్ట్ సాకెట్ ఉన్న పిక్చర్ ట్యూబ్ టీవీ ఒకటి దొరికింది. మన ఊళ్లలో మనం చూస్తూ పెరిగిన టీవీలకు యాంటెన్నా సాకెట్, ఆ తరువాత పసుపు, తెలుపు, ఎరుపు సాకెట్లు ఉండేవే తప్ప ఈ వెడల్పాటి సాకెట్ దాదాపుగా కనిపించేది కాదు. అందుకే దీని సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. ఇది ఫ్రాన్స్‌లో పుట్టి, 1980 నుంచి అక్కడి టీవీలకు తప్పనిసరై, క్రమంగా యూరప్ అంతటా వాడుకలోకి వచ్చింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం సిగ్నళ్లు దీనిలో వేరువేరు తీగల మీద వెళ్తాయి కాబట్టి పాల్ (జర్మనీ వాడినది), ఎన్‌టీఎస్‌సీ (జపాన్ వాడినది) అనే టీవీ రంగు పద్ధతుల పేచీ ఉండదు. జపాను కన్సోల్‌కు నేను ఈ దారి ఎంచుకున్నది అందుకే.

జపాన్‌వారు కూడా అచ్చంగా ఇదే ఆకారంలో ఉన్న ప్లగ్గును వాడారు, కానీ లోపల తీగల అమరిక వేరు. ఎరుపు రెండింటిలోనూ 15వ పిన్ను మీదే ఉంటుంది. స్కార్ట్‌లో ఆకుపచ్చ 11, నీలం 7, బొమ్మను తెరమీద నిలిపే సింక్ సిగ్నల్ 20 కాగా, జపాను పద్ధతిలో ఆకుపచ్చ 19, నీలం 20, సింక్ 9. పైగా జపాను పద్ధతిలో 11వ పిన్ను టీవీని ఏవీకి, అంటే బయటి పరికరం పంపే బొమ్మకు, మార్చడానికి 5 వోల్టులు పంపే పిన్ను.

నేను ఆన్‌లైన్‌లో ఒక విక్రేత దగ్గర 35 యూరోలకు కేబుల్ కొన్నాను. "21 పిన్నుల ఆర్‌జీబీ, అన్ని స్కార్ట్ టీవీలకూ, అన్ని దేశాల కన్సోళ్లకూ పనిచేస్తుంది" అని ప్రకటనలో ఉంది. తగిలించి స్విచ్ వేస్తే బొమ్మ నిలవలేదు. ఎర్రటి ఆకారాలు ఏటవాలుగా జారిపోతూ కనిపించాయి. పాత టీవీ కదా, సర్దుకుంటుందేమోనని మూడు నాలుగుసార్లు ఆపి మళ్లీ వేశాను. అదే నేను చేసిన పెద్ద పొరపాటు. తరువాత మరొకచోట సరైన కేబుల్ తెప్పించి పెడితే బొమ్మ నిలిచింది గానీ, తెల్లని మేఘాలు కూడా లేత ఆకుపచ్చగా ఉన్నాయి.

టీవీ మెకానిక్ బోర్డు బయటికి తీసి, స్కార్ట్ సాకెట్ పక్కనే ఉన్న చిన్న రెసిస్టర్ చూపించాడు. దాని రంగు గీతలు చదవడానికి వీలు లేకుండా ఒళ్లంతా నల్లబడి, కింద బోర్డు గోధుమరంగుకు తిరిగింది. అది ఆకుపచ్చ సిగ్నల్‌కు ఉండే 75 ఓముల రెసిస్టర్. నేను కొన్న కేబుల్‌లో జపాను అమరిక ఉండటంతో 11వ పిన్ను మీద 5 వోల్టులు వచ్చాయి. ఆ రెసిస్టర్ మీదికి నేరుగా 5 వోల్టులు వస్తే దాదాపు 67 మిల్లీ ఆంపియర్ల కరెంటు పారుతుంది, అంటే మూడో వంతు వాట్ వేడి పుడుతుంది. ఎనిమిదో వంతు వాట్‌కు చేసిన ఆ రెసిస్టర్ అంత వేడికి తట్టుకోలేక తెగిపోయింది. అది లేకపోయేసరికి ఆకుపచ్చ సిగ్నల్ దాదాపు రెట్టింపై, బొమ్మంతా ఆ రంగు కమ్మేసింది.

జపాన్‌లో ఉన్నవారికి దీని తలకిందుల ప్రమాదం ఉంది. యూరప్ కేబుల్‌ను అక్కడి 21 పిన్నుల టీవీకి పెడితే, టీవీని ఏవీకి మార్చడానికి 8వ పిన్ను మీద వచ్చే స్విచింగ్ వోల్టేజీ నేరుగా గ్రౌండ్‌కు షార్ట్ అవుతుంది.

"అన్ని దేశాల కన్సోళ్లకూ" అన్న మాట కూడా అంతే ప్రమాదకరం. సూపర్ ఫామికామ్ వెనక ఉండే మల్టీ అవుట్ సాకెట్‌లో 3వ పిన్ను సింక్ పంపుతుంది. అదే కన్సోల్‌కు యూరప్‌లో అమ్మిన రూపమైన సూపర్ నింటెండోలో అదే పిన్ను మీద 12 వోల్టులు ఉంటాయి. సింక్‌ను ఆ పిన్ను నుంచి తీసుకునే కేబుల్‌ను యూరప్ కన్సోల్‌కు పెడితే ఆ 12 వోల్టులు టీవీ సింక్ ఇన్‌పుట్‌లోకి వెళ్తాయి.

కేబుల్ చేతికి రాగానే కన్సోల్‌కు తగిలించకుండా ముందు ప్లగ్గు మూత విప్పి చూడండి. 7, 11 పిన్నులకు రంగు సిగ్నళ్ల తీగలు ఉంటే అది స్కార్ట్. రంగు సిగ్నళ్ల తీగలు 15, 19, 20కి ఉంటే జపానుది. తీగ కలిసి ఉందని మల్టీమీటర్ చేసే బీప్ మీద ఆధారపడవద్దు, ఎందుకంటే ఈ కన్సోల్ కేబుళ్లలో రంగు సిగ్నళ్ల తీగలకు వరసలో 220 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు ఉంటాయి, వాటి వల్ల బీప్ నిలకడగా రాదు. జపాను కేబుల్ ఇప్పటికే మీ దగ్గర ఉంటే పారేయనక్కరలేదు. పిన్నులను మార్చి కలిపే అడాప్టర్లు దొరుకుతాయి. కొనేముందే మూత విప్పిన ప్లగ్గు ఫోటో అడగండి, పంపనివారి దగ్గర కొనకండి.

నాకు కేబుల్ అమ్మినవారికి నల్లబడిన రెసిస్టర్ ఫోటోతో సహా అంతా రాశాను. ప్లగ్గు సరిగ్గా పట్టింది కాబట్టి లోపం టీవీదేనని జవాబిచ్చి, డబ్బు వాపసు ఇవ్వలేదు. కొత్త రెసిస్టర్ వేయించాక నా టీవీలో మేఘాలు మళ్లీ తెల్లగా కనిపిస్తున్నాయి. ఆ ప్రకటన మాత్రం అక్షరం మారకుండా ఇప్పటికీ అక్కడే ఉంది.