ఏడు రోడ్ల జంక్షన్‌లో పాత డిగ్రీ పట్టాల స్కానింగ్: స్కాన్ సరే, లామినేషన్ వద్దు

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఉన్న ఈ షాపుకి అమ్మమ్మల, నాయనమ్మల చదువు కాగితాలు బాగా వస్తున్నాయి: డిగ్రీ పట్టాలు, మార్కుల లిస్టులు, ఎస్సెస్సెల్సీ (పాత స్కూలు ఫైనల్) పుస్తకాలు. స్కానింగ్ వరకు పని బాగుంది. మిగతాది దగ్గరుండి చేయించుకోవాలి.

కాగితాన్ని ఫీడర్‌లోకి తోయరు, అద్దం మీదే పరుస్తారు. మడతల దగ్గర చిరిగిన పట్టాకి అదే క్షేమం. అడక్కపోతే మాత్రం నలుపు తెలుపులో కొట్టేస్తారు, దాంతో ఊదారంగు స్టాంపు, వెలిసిన సంతకం ఎగిరిపోతాయి. కలర్, 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కల స్పష్టత) అని ముందే చెప్పండి. నాణ్యత తగ్గకుండా దాచే టిఫ్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. వాట్సాప్‌లో పంపేది చూసుకోడానికే. ఏ4 కంటే పెద్ద పట్టాని రెండు ముక్కలుగా తీసి కలుపుతారు, ఆ అతుకు ముద్ర మీద పడకూడదు.

లామినేషన్ వద్దే వద్దు. వేడికి జిగురు కాగితంలోకి దిగిపోతుంది, మళ్లీ ఊడదీయలేం. పైన అటెస్టేషన్ స్టాంపూ వేయలేరు. పీవీసీ కవరైతే కొన్నాళ్లకి ఇంకుని లాగేసుకుంటుంది. పాలియెస్టర్ కవర్లు వాళ్ల దగ్గరే ఉన్నాయి, అడిగితేనే తీస్తారు.

అసలు తంటా ఎవరి కాగితం, ఏ కాలేజీ, ఏ యూనివర్సిటీ అని స్కాన్‌తో పాటు వాళ్లు రాసిచ్చే వివరాల షీటుతోనే. కాగితం పాతదైతే చాలు, 'ఆంధ్రా యూనివర్సిటీ' అని రాసేస్తున్నారు. ఆ యూనివర్సిటీ పుట్టిందే 1926లో. అంతకుముందు మనవైపు కాలేజీల డిగ్రీలు మద్రాసువి. ఆ కాలపు ఆడవాళ్ల పట్టా దొరికిందంటే మామూలు విషయం కాదు, దానికి తప్పు పేరు తగిలించడం అన్యాయం. ఇటు 2008లో ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ వచ్చింది. అందుకే ఒకే ఇంట్లో తల్లి పట్టా విశాఖది, కూతురిది ఎచ్చెర్లది ఉంటాయి. ముద్ర చదివే రాయించండి.

ఎస్సెస్సెల్సీలో పుట్టింటి పేరు, డిగ్రీలో అత్తింటి పేరు ఉంటే షీటులో ఒకావిడే ఇద్దరైపోతుంది. రెండు పేర్లూ ఒకే వరసలో వేయించాలి. ప్రైవేటుగా కట్టినవాళ్లకి కాలేజీ ఉండదు కాబట్టి ఆ గడి ఖాళీగా వదలాలి, ఊళ్లో ఉన్న కాలేజీ పేరు ఎక్కించకూడదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ అంతటావిడే మెట్రిక్ బెనారస్ హిందూ యూనివర్సిటీకి కట్టి, తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో చదివారు. దూరపు ఊరి ముద్ర కనిపిస్తే పొరపాటనుకుని దిద్దించకండి.

ప్రింటుకి ముందు షీటుని స్క్రీన్ మీద చూపిస్తారు. దిద్దుబాట్లన్నీ అప్పుడే చెప్పాలి, ప్రింటయ్యాక మారిస్తే మళ్లీ డబ్బులు కట్టాలి.