16 నెలలు వాడాక చెప్తున్నా: డైట్ చార్ట్ కన్నా ఆ అరగంట వీడియో కాలే పనిచేసింది

బరువు తగ్గించే యాప్ ఒకటి వాడి 78 నుంచి 70.5 కిలోలకి వచ్చా, 16 నెలలు పట్టింది. నెలకి ఐదు కిలోలు తగ్గాలనుకునేవాళ్లకి ఇది కాదు, ముందే చెప్పేస్తున్నా. మాది విజయవాడ, స్కూల్లో టీచర్‌ని, ఇద్దరు పిల్లలు.

మొదటి నాలుగు నెలలు ఉత్త యాప్ ప్యాకే తీసుకున్నా. గోంగూర పప్పు అని కొడితే పాలక్ దాల్ చూపిస్తుంది, గరిటెడంటే ఎన్ని గ్రాములో దానికీ తెలీదు నాకూ తెలీదు, రెండ్రోజులు రాయకపోతే మాత్రం నోటిఫికేషన్ల మీద నోటిఫికేషన్లు, ఒళ్లు మండి మొత్తం మానేసేదాన్ని. తగ్గిన కిలోన్నర దసరా సెలవుల్లో మళ్లీ వచ్చేసింది.

అప్పుడు కౌన్సెలర్ ఉన్న ప్యాక్‌కి మారా, రెండు వారాలకోసారి అరగంట వీడియో కాల్. క్లాసు పీకుతుందేమో అనుకుని కూర్చున్నా. ఆవిడేమో బరువు తగ్గగలనని మీకు 10కి ఎంత నమ్మకం అనడిగింది, 3 అన్నా. ఎందుకంత తక్కువ అంటుందనుకుంటే, "1 అనలేదు కదా, 3 ఎందుకన్నారు?" అంది. కాసేపు నోట మాట రాలేదు. రెండో కాన్పప్పుడు షుగర్ వచ్చిందని టీలో పంచదార మానేశా, ఆరేళ్లయింది మళ్లీ వేసుకోలేదు, ఆ సంగతి నేనే మర్చిపోయా!

తర్వాత అసలు విషయం నా నోటే వచ్చింది. రాత్రి తొమ్మిదిన్నరకి సింక్ దగ్గర నిలబడి పిల్లలు వదిలేసిన పెరుగన్నం నేనే తినేస్తా, యాప్‌లో అదెప్పుడూ రాయలేదు. తినకండి అనలేదావిడ, "అన్నం పారేయడానికి మీకు మనసొప్పదు" అంది అంతే. అన్నం పరబ్రహ్మ స్వరూపం అని పెరిగినవాళ్లం కదా మరి. వాళ్లకి ముందే సగం గరిటె తక్కువ పెట్టి, కావాలంటే మళ్లీ వడ్డిస్తానని నేనే అన్నా. ఎవరో చెప్తే చేసేదాన్ని కాదేమో.

ఇలా తను చెప్పకుండా అడిగి మన నోటే చెప్పించడాన్ని మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అంటారట, విలియం మిల్లర్ అనే సైకాలజిస్ట్ 1983లో తాగుడు మానేవాళ్ల కోసం మొదలుపెట్టిన పద్ధతి, నాకు పెరుగన్నం దగ్గర పనికొచ్చింది. యాప్ 55 కిలోలని టార్గెట్ పెట్టింది, ఆవిడ అది పక్కనపెట్టి ముందు 5 శాతం చూద్దామా అంది, అంటే నాలుగు కిలోలు. సంక్రాంతి ముందుకే 74 వచ్చింది.

సరిగ్గా అప్పుడే చెప్పాపెట్టకుండా కౌన్సెలర్‌ని మార్చేశారు. కొత్తమ్మాయి ఎదురుగా ఏదో పెట్టుకుని చదువుతుంది, "మేడం రైస్ తగ్గించాలి, వాకింగ్ తప్పనిసరి", నేను ఊ కొట్టడం. రెండో కాల్‌కల్లా అబద్ధాలు మొదలుపెట్టా, తిన్న అరిసెలు ఆరు, రాసింది రెండు. రెండు కిలోలు పెరిగా. మార్చమని మెయిల్ పెడితే మూడు వారాలు తిప్పారు. మూడో ఆవిడ పర్లేదు, వింటుంది. నీరసంగా ఉంటోందంటే నేను డాక్టర్ని కాదండీ, థైరాయిడ్ టెస్ట్ చేయించుకోండి అంది, అది నచ్చింది (టెస్ట్ నార్మలే).

కొనేముందు ఒక్కటి అడగండి, కౌన్సెలర్ మధ్యలో మారతారా అని. వచ్చే నెల నా రెన్యూవల్, డైట్ చార్టూ రెసిపీలూ వద్దు కాల్స్ ఒక్కటే ఇవ్వండి అనడిగా. అలాంటి ప్లాన్ లేదట.