శరదృతువు తిరుగు ప్రయాణంలో అద్దె మోటార్‌హోమ్

శరదృతువులో ఇంటికి తిరుగు ప్రయాణం కోసం నేనూ నా భార్యా అద్దెకు తీసుకున్న చిన్న మోటార్‌హోమ్ మొత్తం మీద మాకు ఎంతో నచ్చింది. ఎరుపెక్కిన కొండ అడవులను, ఆ తరువాత కోతలు పూర్తయిన మైదానాలను వెడల్పాటి ముందు అద్దంలోంచి చూస్తూ, మనసైన చోట ఆగి టీ కాచుకోగలగడం హోటళ్ల మీద ఆధారపడిన ప్రయాణంలో దొరకని సుఖం. వంటగది ఇరుకే అయినా ఇద్దరికి చాలు.

ఈ కాలంలో బండి పనితనం తెలిసేది రాత్రిపూటే. హీటర్ నడిచేది సిలిండర్ గ్యాస్‌తో; ఆ గ్యాసుల్లో బ్యూటేన్ 0 డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. ప్రొపేన్ దాదాపు మైనస్ 42 డిగ్రీల వరకు ఆవిరవుతుంది కనుక, సంస్థవారు ప్రొపేన్ సిలిండరే అమర్చడం వల్ల హీటర్ తెల్లవారేదాకా నిలకడగా పనిచేసింది. చెమ్మ మాత్రం తప్పలేదు. మా ఇద్దరి ఊపిరికే పొద్దున డ్రైవర్ క్యాబిన్ అద్దాల మీద నీరు ధారలు కట్టి, పరుపు అంచు తడిసేది. పైకప్పు కిటికీని వేలెడు సందు తెరిచి, అద్దాలకు ఇన్సులేషన్ తెరలు కట్టాక చాలావరకు తగ్గింది. ఆ తెరలకు విడిగా అద్దె తీసుకోకుండా బండితోపాటే ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం.

పగలు కురచై, ఎండ ఏటవాలుగా పడే రోజుల్లో సోలార్ పలకను మాత్రమే నమ్ముకుంటే బ్యాటరీ నిండదు. రోజూ కొంత దూరం నడిపేవారికి ఇంజనే బ్యాటరీని నింపుతుంది కనుక ఆ లోటు తెలియదు కానీ, ఒకేచోట రెండు మూడు రాత్రులు గడపదలచినవారు కరెంటు కనెక్షన్ ఉన్న స్థలాన్నే ఎంచుకోవడం మంచిది.