తిరిగొచ్చిన క్యాసెట్లు: ప్రసారం కాని పైలట్ల వెబ్‌సైట్‌పై సమీక్ష

హన్మకొండ చౌరస్తా దగ్గర పాత పెళ్లి క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చే ఒక దుకాణదారు, అదే పని కోసం తన దగ్గరికి వచ్చిన బీటాక్యామ్ (టీవీవాళ్లు వాడే రకం) క్యాసెట్లలో కొన్నింటిలో ఏ చానెల్‌లోనూ రాని సీరియళ్ల పైలట్ ఎపిసోడ్లు ఉన్నాయని గమనించి, నిర్మాతల అనుమతితో వాటిని చూపించే వెబ్‌సైట్ ఒకటి నిరుడు ప్రారంభించారు. నెలకు 49 రూపాయల చందా కట్టి మూడు నెలలుగా చూస్తున్నాను.

సీరియల్ మొత్తానికి డబ్బు పెట్టేముందు చానెల్ వారికి చూపించే నమూనా ఎపిసోడే పైలట్. దూరదర్శన్‌లో ప్రాయోజిత సీరియళ్ల రోజుల్లోనూ, 1995లో జెమినీ, ఈటీవీ వచ్చిన తరువాతా ఇలా తీసినవాటిలో ఎంపిక కానివి నిర్మాతల బీరువాల్లోనే ఉండిపోయాయి. ఇది మన దగ్గరే జరిగే సంగతి కాదు. అమెరికాలో ‘స్టార్ ట్రెక్’ సీరియల్ తొలి పైలట్‌ను ఎన్‌బీసీ చానెల్ 1965లో తిరస్కరించి మరొకటి తీయించుకుంది. ఆ తొలి పైలట్ పూర్తిగా టీవీలో కనబడింది 1988లోనే.

సైట్‌లో ప్రస్తుతం 31 ఎపిసోడ్లు ఉన్నాయి. అత్తాకోడళ్ల కథలు, ఒకటి రెండు దెయ్యాల కథలు ఎందుకు ఆగిపోయాయో ఐదు నిమిషాల్లోనే అర్థమవుతుంది. వాటి గురించి చెప్పడానికేమీ లేదు. వరంగల్‌లో మిర్చి అమ్మే ఏనుమాముల మార్కెట్ నేపథ్యంలో 2004లో తీసిన 22 నిమిషాల పైలట్ కోసం మాత్రం ఎవరైనా ఒక నెల చందా కట్టవచ్చు. తెర అడుగున టైమ్‌కోడ్ అంకెలు, అంటే ఎడిటింగ్ కోసం సమయాన్ని చూపేవి, పరుగెత్తుతుంటాయి. డబ్బింగ్ జరగలేదు కనుక షూటింగ్ నాటి శబ్దమే ఉంది: నటుల మాటల మీదుగా నిజమైన హమాలీ ఒకరు ‘జరుగుర్రి, జరుగుర్రి’ అని కేకవేస్తూ బస్తాతో సాగిపోతారు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్న నటి నిజంగానే తుమ్ముతుంది, అడ్తిదారు (కమీషన్ వ్యాపారి) వేషం వేసినాయన మిరపకాయను గుప్పిట్లో నలిపి తేమ చూస్తూ తన డైలాగ్ ఒక క్షణం మరచిపోతారు.

అసలు విశేషం ఎపిసోడ్ ముగిసిన తరువాత ఉంది. అదే బేరం సన్నివేశాన్ని రెండోసారి తీసి క్యాసెట్ చివర కలిపారు. మొదటిసారి ఆమె ‘గిదేం ధర సావుకారీ? నిన్నటి జెండా పాటకు నాలుగు వందలు తక్కువ బెట్టిన్రు’ అంటుంది. రెండోసారి అదే నటి, అదే బస్తా పక్కన నిలబడి, ‘ఏమిటి షావుకారు గారూ ఈ ధర? నిన్నటికంటే నాలుగు వందలు తక్కువ వేశారే!’ అంటుంది. మొదటిదానిలో కోపం ఉంది. రెండోదానిలో ఆమె పాఠం అప్పగిస్తున్నట్లుంది. జెండా పాట అన్న మాటే ఎగిరిపోయింది. మిర్చి యార్డులో ఆనాటి ధరను తేల్చే వేలంపాట లేకుండా ఆ బేరానికి తలా తోకా ఉండదు.

ఇలా రెండు సార్లు ఎందుకు తీశారో, భాష మార్చమన్నది ఎవరో సైట్‌లో ఒక్క ముక్క లేదు. నాకున్న ప్రధానమైన అభ్యంతరం ఇదే. ఆగిపోయిన ఎపిసోడ్‌ను దాని కథ తెలియకుండా చూస్తే అది సగం వీడియో మాత్రమే. ఫోన్ చేసి అడిగితే, చానెల్ వారు నిర్మాతకు రాసిన ఉత్తరం క్యాసెట్ ఉన్న అట్టపెట్టెలోనే ఉందనీ, దాన్ని ఎవరు చదువుతారులే అని పెట్టలేదనీ దుకాణదారు చెప్పారు. నా లెక్కలో వీడియోకు 20 రూపాయలైతే ఆ ఉత్తరానికి మిగతా 29 రూపాయలు.

హక్కుల విషయంలో ఆయన జాగ్రత్త మెచ్చుకోదగినది. 1957 నాటి కాపీరైట్ చట్టం 19(4) ప్రకారం, హక్కులు రాయించుకున్నవారు ఏడాదిలోగా వాటిని వాడుకోకపోతే, ఒప్పందంలో వేరే మాట లేనప్పుడు, ఆ బదలాయింపు రద్దయినట్లే. అందుకే ఆయన ప్రతి నిర్మాత దగ్గరా పాత ఒప్పందం కాగితం అడిగి చూస్తారట. చానెల్ సొమ్ముతో తీసినవాటి జోలికి పోరు. పైలట్లలో నేపథ్యానికి సినిమా పాటలు వాడేసుకోవడం మామూలే కాబట్టి అవి వచ్చేచోట శబ్దం తీసేశారు. ఒక పెళ్లి సన్నివేశం నలభై సెకన్లపాటు మూగగా నడుస్తుంది. వినడానికి ఇబ్బందే అయినా తప్పుపట్టలేను.

‘ఈ సీరియల్ కొనసాగాలా?’ అని ఓటడిగే బటన్ మాత్రం అనవసరం. 2013లో అమెజాన్ 14 పైలట్లను నెట్‌లో పెట్టి ప్రేక్షకుల స్పందన అడిగిందంటే, నచ్చినవాటిని తీయడానికి దాని దగ్గర డబ్బుంది. ఇక్కడ ఓటేస్తే ఏమవుతుంది? ఆ నటికిప్పుడు ఇరవై ఏళ్ల వయసు పెరిగింది.

ఫోన్‌లో వీడియో అంచుల్లో గీతలు కనిపిస్తాయి, వెతుకులాట సరిగా పనిచేయదు. ఇవి సరిచేసుకోదగిన లోపాలే. నాలుగో నెల చందా కూడా కట్టాను. ఉత్తరం స్కాన్ చేసి పెడతానని ఆయన ఒప్పుకున్నారు గానీ, మాఘమాసం పెళ్లిళ్ల పని తెమిలేదాకా ఆగమన్నారు.