రొయ్యల చెరువుకీ, కోళ్ల షెడ్డుకీ ఒకే సోలార్ రాయితీయా? ఏది మేలు?

ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టుకుంటే కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం కింద రూ.78,000 సబ్సిడీ వస్తుంది. అదే ఇంటి వెనకున్న కోళ్ల షెడ్డు మీద పెడితే రాదు, అది వ్యాపారం కింద లెక్క. రైతుల సోలార్ కోసం కేంద్రం కుసుమ్ పథకం ఉందిగా అంటారు. అది ప్రధానంగా సాగునీటి మోటార్ల కోసం. కాలువ నీళ్లు వాటంతట అవే పారే గోదావరి డెల్టాలో వాటి అవసరం మెట్టలో ఉన్నంత ఉండదు. ఇక్కడ కరెంటు తాగేది రొయ్యల చెరువులూ, కోళ్ల ఫారాలే. వాటికీ సోలార్ సబ్సిడీ అడగడం సబబే. కాకపోతే రెండింటికీ ఒకే తీరున ఇస్తే సగం డబ్బు దండగ.

చెరువు లెక్క చూడండి. ఆక్వా జోన్‌లో (చేపలు, రొయ్యల సాగుకు ప్రభుత్వం గుర్తించిన ప్రాంతంలో) పదెకరాల లోపు రైతుకు కరెంటు యూనిట్ రాయితీ ధర రూ.1.50. ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సుమారు 4 యూనిట్లిస్తే ఏడాదికి 1,460. అంటే మిగిలేది రూ.2,190. కిలోవాట్‌కు 50 వేలు ఖర్చనుకుంటే, ప్రభుత్వం అందులో 40 శాతం భరించినా అసలు చేతికి రావడానికి 13 ఏళ్లు దాటుతుంది. కరెంటు ధరలో రాయితీ లేక యూనిట్‌కు రూ.3.85 కట్టే రైతుకైతే అదే అసలు ఐదేళ్ల పైచిలుకులో వచ్చేస్తుంది.

పైగా చాలా చెరువులు లీజువి. మూడేళ్లకో ఐదేళ్లకో ఖాళీ చేయాల్సినవాడు పాతికేళ్లు పనిచేసే ప్యానెళ్లు ఎందుకు పెడతాడు?

అసలు చిక్కు రాత్రిది. తెల్లవారుజామున నీళ్లలో డీవో (కరిగి ఉండే ఆక్సిజన్) పడిపోతుంది, నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిరగాల్సింది అప్పుడే. పగలు మిగిలిన సోలార్ కరెంటు గ్రిడ్‌కిచ్చి లెక్క సరిచూసుకునే నెట్ మీటరింగ్ బిల్లు తగ్గిస్తుంది తప్ప ఆ టెన్షన్ తగ్గించదు. లైను పోతే మామూలు గ్రిడ్ సోలార్ పట్టపగలైనా ఆగిపోతుంది, లైన్‌మెన్‌కు షాక్ కొట్టకుండా దాన్ని అలాగే తయారుచేస్తారు. కాబట్టి గట్టు మీద డీజిల్ జనరేటర్ ఉండాల్సిందే.

తణుకు, అనపర్తి వైపు కోళ్ల ఫారాల సంగతి వేరు. మే నెల మధ్యాహ్నం ఫ్యాన్లు, నీటి తుంపర చల్లే ఫాగర్లు ఆగకుండా నడవాలి, మేత మిల్లు కూడా పగలే ఆడుతుంది. ఎండ ముదిరినప్పుడే కరెంటు కావాలి, ప్యానెళ్లు ఇచ్చేదీ అప్పుడే. షెడ్డు చాలావరకు సొంతం. లోటల్లా పైకప్పుది: పాత సిమెంటు రేకులు ప్యానెళ్ల బరువుకూ తుఫాను గాలికీ ఆగవు. రాయితీ ప్యానెల్‌కే ఇచ్చి ఇనుప ఫ్రేమును రైతు నెత్తిన వేస్తే పథకం కాగితం దాటదు.

సోలార్ మీద ఆదాయపు పన్ను లెక్కలో ఏడాదికి 40 శాతం తరుగుదల ఖర్చుగా చూపించుకునే వీలు ఇప్పటికే ఉందని ఒక వాదన. అది పన్ను బాగా కట్టే కంపెనీకి లాభం. ఐదు వేల కోళ్ల ఆసామికి ఒరిగేదేమీ లేదు.

నన్నడిగితే షెడ్డుకు సోలార్ సబ్సిడీ మేలు, అదీ కిలోవాట్ల పరిమితి పెట్టి. చెరువుకు యూనిట్ ధర అలాగే ఉంచి, పాత ఏరియేటర్ మోటార్లు మార్చడానికి సాయం చేస్తే చాలు. సోలార్ పెట్టాలంటే కుసుమ్‌లో ఒక్కో మోటారుకు కాకుండా ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు వచ్చే కరెంటు లైను) మొత్తానికి ఒకే ప్లాంటు పెట్టే పద్ధతి ఉంది. దాన్ని ఆక్వా ఫీడర్లకూ తెస్తే లీజు రైతు జేబులోంచి పైసా పెట్టక్కర్లేదు.